మోకాళ్ల నొప్పి, షుగరు, దిగులు: మూడింటినీ ఒకే డాక్టరు ముందు పెట్టడం ఎలా

కుర్చీలోంచి మనిషి లేచే తీరు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పేరు పిలుస్తాం. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, ఒకసారి ఊపు తీసుకుని, సగం లేచి, అక్కడ కాసేపు ఆగి, పళ్లు బిగించి అప్పుడు నిలబడతారు. గదిలోకి వచ్చాక మాత్రం "షుగర్ రిపోర్టు చూపిద్దామని వచ్చానండీ" అంటారు. మోకాళ్ల ఊసే ఉండదు. నేనే అడిగితే "వయసుతో వచ్చినవి, అవెక్కడికి పోతాయిలెండి" అని కొట్టిపారేస్తారు. రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగినప్పుడు మాత్రం వెంటనే జవాబు రాదు. కళ్లు కిందికి దిగుతాయి.

ప్రాథమిక వైద్యంలో ఏళ్ల తరబడి ఇదే చూస్తున్నాను. నొప్పిని ఎముకల డాక్టరుకీ, షుగరుని షుగరు డాక్టరుకీ పంచిపెడతాం. దిగులు సంగతి ఎవరికీ చెప్పం. లోపల మాత్రం ఆ మూడూ ఒకదాన్నొకటి ఎగదోస్తూనే ఉంటాయి. మోకాలు నొప్పని నడక మానేస్తే బరువూ షుగరూ పెరుగుతాయి. పెరిగిన బరువు మళ్లీ మోకాలి మీదే పడుతుంది. నొప్పికి నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు అదే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. నాలుగు వారాలు ఇలా గడిస్తే దేనిమీదా మనసు నిలవదు, బీపీ బిళ్ల వేసుకున్నామో లేదో గుర్తుండదు. షుగరు ఉన్నవాళ్లలో డిప్రెషన్, లేనివాళ్లతో పోలిస్తే సుమారు రెండింతలు కనిపిస్తుంది.

దీన్ని తిరగేసి చూడొచ్చు కూడా. కీళ్ల జబ్బు, డిప్రెషన్ రెండూ ఉన్న సుమారు వెయ్యిమంది పెద్దవయసువాళ్లకి అమెరికాలోని ప్రాథమిక వైద్యశాలల్లో డిప్రెషన్‌కి పద్ధతిగా వైద్యం చేశారు. కీళ్లకి కొత్తగా ఏమీ చేయలేదు. అయినా కీళ్లనొప్పి తగ్గింది, పనులు చేసుకోగలగడం మెరుగైంది. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. "నొప్పి తగ్గితే దిగులు అదే పోతుంది" అని ఎదురుచూసేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. రెండింటినీ ఒకేసారి పట్టుకోవాలి. ఎలాగో వరసగా చెబుతాను.

మొదటి మెట్టు: ఆగకూడనివి ముందు తేల్చుకోండి

కాగితాలూ డైరీలూ తర్వాత. కింద చెప్పినవాటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరకో, అత్యవసర విభాగానికో వెళ్లాలి.

ఒక్క కీలు ఉన్నట్టుండి వేడిగా, ఎర్రగా ఉబ్బి, కదిపితే ప్రాణం పోయేంత నొప్పిగా ఉంటే లోపల చీము పట్టిందేమోనని చూడాలి. జ్వరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు కూడా. షుగరు ఉన్నవాళ్లూ, స్టెరాయిడ్లు వాడేవాళ్లూ, కృత్రిమ కీలు ఉన్నవాళ్లూ దీని విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. కీలులోంచి నీరు తీసి పరీక్షించేదాకా దాన్ని గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీలు వాచే జబ్బు) అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

దీనికి తలకిందులుగా ఉండే ప్రమాదం ఇంకొకటుంది. ఏళ్ల తరబడి షుగరు ఉండి, పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లకి ఒక పాదం వేడెక్కి వాస్తుంది. నొప్పి మాత్రం పెద్దగా ఉండదు. నొప్పి లేదు కదా అని దానిమీదే నడుస్తారు, లోపల ఎముకలు చితికిపోతాయి. దీన్ని షార్కో పాదం అంటారు. పాదం మీద బరువు మోపడం ఆ క్షణమే ఆపాలి.

నడుంనొప్పితో పాటు మూత్రం రాకుండా ఆగిపోవడం, కూర్చునే చోట మొద్దుబారడం, కాలు పడిపోవడం ఉంటే ఆగొద్దు. 50 దాటినవాళ్లకి భుజాలు పట్టేసి, కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం వస్తే చూపు పోయే ప్రమాదం ఉంది. చెమటలతో, ఆయాసంతో వచ్చే ఎడమ భుజం నొప్పి కీలుది కాకపోవచ్చు, గుండెది కావచ్చు.

చచ్చిపోవాలన్న ఆలోచన రావడం, దానికి దారులు వెతకడం కూడా ఈ జాబితాలోనిదే. వాచిన కీలుకి ఎంత తొందరో దీనికీ అంతే తొందర. ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఒకరికి చెప్పండి, మందుల డబ్బా వాళ్ల చేతికివ్వండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

రెండో మెట్టు: అది ఏ నొప్పో గుర్తుపట్టడం

"ఒళ్లంతా నొప్పులే డాక్టరుగారూ" అంటే నేను అడిగే మొదటి ప్రశ్న: పొద్దున లేవగానే బిగుసుకుపోయిన కీళ్లు విడవడానికి ఎంతసేపు పడుతుంది? జవాబు గడియారం చూసి చెప్పాలి. పది, పదిహేను నిమిషాల్లో, మొత్తమ్మీద అరగంట లోపు సర్దుకుంటే, పగలు పని చేసేకొద్దీ నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గితే అది ఎక్కువగా అరుగుదల. గంటదాకా బిగుసుకునే ఉంటే, కదిలేకొద్దీ నయమనిపిస్తే, రెండు చేతుల కణుపులూ మెత్తగా వాచి ఉంగరం దిగకపోతే అది రుమటాయిడ్ లాంటి వాపు జబ్బు కావచ్చు. వాపు జబ్బుకి మందు ఎంత ముందు మొదలుపెడితే కీలు అంత దక్కుతుంది. అందుకే నొప్పి బిళ్లలతో నెలలు నెట్టుకురావద్దు. రక్తపరీక్షలతో పాటు ఈ వాపు జబ్బులు చూసే రుమటాలజీ డాక్టరుకి చీటీ రాయమని అడగండి.

అర్ధరాత్రి కాలి బొటనవేలు మొదట్లో నిప్పు పెట్టినట్టు మొదలై, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ అనుమానించాలి. బీపీకి ఇచ్చే థయజైడ్ బిళ్లలు యూరిక్ యాసిడ్‌ని పెంచుతాయి. కాబట్టి గౌట్ బయటపడ్డప్పుడు బీపీ చీటీ కూడా బల్ల మీదికి రావాలి.

పాదాల మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు, రాత్రిళ్లు ఎక్కువవడం ఇవి నరాలవి. మామూలు నొప్పి బిళ్ల వీటిమీద పనిచేయదు. పనిచేయట్లేదని ఇంకో బిళ్ల మింగుతారు, అంతకీ లొంగదు.

షుగరు కీళ్లకి చేసే చేటు గురించి జనానికి అంతగా తెలియదు. భుజం పట్టేసి చెయ్యి వెనక్కి పోకపోవడం షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ. చేతివేళ్లు కూడా బిరుసెక్కుతాయి. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి చూసుకోండి. అరచేతులూ వేళ్లూ పూర్తిగా ఆనకుండా మధ్యలో సందు మిగిలితే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. పైసా ఖర్చులేని పరీక్ష ఇది, రోగులు నవ్వుతూ చేసే పరీక్ష కూడా ఇదొక్కటే.

ఒక్కోసారి నొప్పికి కారణం మందే. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్‌తో కొందరికి తొడలు, భుజాల కండరాలు నొప్పెడతాయి. గ్లిప్టిన్ రకం షుగరు బిళ్లలతో అరుదుగా తీవ్రమైన కీళ్లనొప్పులు వస్తాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లో హెచ్చరించింది. సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ మడమ వెనక నరంలాంటి స్నాయువుని దెబ్బతీయగలవు. కొత్త మందు మొదలైన తేదీ, నొప్పి మొదలైన తేదీ పక్కపక్కన రాసుకుంటే చాలు, అనుమానం తీరుతుంది. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

ఎక్స్‌రే గురించి ఒక మాట. "మొత్తం అరిగిపోయిందట" అని ఫిల్మ్ చూపించి ఏడ్చినవాళ్లు చాలామంది. ఫిల్మ్‌లో అంత అరుగుదల ఉండీ హాయిగా తిరిగేవాళ్లున్నారు, ఫిల్మ్ శుభ్రంగా ఉండీ అడుగు వేయలేనివాళ్లున్నారు. నొప్పి ఎంతుందో ఫిల్మ్ చెప్పలేదు. అరిగిపోయింది అన్న మాట విన్నాక మనిషి నడవడానికి భయపడతాడు, ఆ భయం చేసే నష్టమే ఎక్కువ.

మూడో మెట్టు: రెండు వారాలు, ఒక్క కాగితం

డాక్టర్ని కలవడానికి ముందు రెండు వారాలు ఒకే కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: నొప్పి, నిద్ర, మనసు, ఆ రోజు చేసిన పని. షుగరో బీపీయో చూసుకుంటే ఆ అంకె కూడా అదే వరసలో. వేరువేరు పుస్తకాల్లో వద్దు. ఒకే చోట ఉంటేనే ముడి కనిపిస్తుంది.

అలాంటి కాగితం తెచ్చిన ఒకావిడది నాకింకా గుర్తుంది. మంగళవారం గడిలో "ఇల్లంతా సర్దాను, మేడమీద కూడా", బుధవారం "మంచం దిగలేదు", గురువారం "అదే", శుక్రవారం "ఎందుకూ పనికిరాను". శనివారం నొప్పి కాస్త తగ్గింది, మళ్లీ ఇల్లంతా సర్దారు. ఆ కాగితం చూశాక నాకు స్కాన్ అవసరమనిపించలేదు. "అమ్మా, ఈ శుక్రవారం మాట మంగళవారం రాసిందే" అన్నాను. ఆవిడ కాసేపు కాగితం వంకే చూసి, వేలు పెట్టి ఒక్కో రోజూ లెక్కపెట్టుకున్నారు.

నొప్పిని కొలవడానికి వారానికోసారి మూడు ప్రశ్నలు చాలు. దీన్ని పెగ్ కొలత అంటారు, మూడింటికీ 0 నుంచి 10 దాకా అంకె వేయాలి.

- పోయిన వారంలో సగటున నొప్పి ఎంత?
- నొప్పి మీ సంతోషానికి ఎంత అడ్డుపడింది?
- మామూలు పనులకి ఎంత అడ్డుపడింది?

మూడూ కూడి మూడుతో భాగించండి. నొప్పి అంకె ఒక్కటే చూసుకుంటే నిరాశ మిగులుతుంది, ఎందుకంటే ఏళ్లనాటి నొప్పి ఆఖర్న తగ్గేది. ముందు తగ్గేది అడ్డుపడడం. సగటులో సుమారు మూడోవంతు తగ్గితే వైద్యం పనిచేస్తున్నట్టే. 7 ఉన్నది 5 అయిందంటే నేను సంతోషిస్తాను, రోగి మాత్రం "ఇంకా ఉందండీ" అంటారు. ఇద్దరి మాటా నిజమే.

నాలుగో మెట్టు: మనసు సంగతి అడగడం, చెప్పడం

మన దగ్గర "డిప్రెషన్" అని ఎవరూ రారు. "నీరసం", "ఏమీ తోచట్లేదు", "ఉసూరుమంటోంది", "చిన్నదానికే చిరాకు", "గుండె దడ" అంటూ వస్తారు. పరీక్షలన్నీ బాగున్నాయని పంపేస్తే ఇంకో పరీక్ష రాయమని మళ్లీ వస్తారు. ముందు రెండే ప్రశ్నలు వేసుకోండి. గత రెండు వారాల్లో, చేసే పనుల మీద ఆసక్తి, సంతోషం లేకపోవడం ఎన్ని రోజులు? దిగులుగా, ఆశ లేనట్టుగా ఉండడం ఎన్ని రోజులు? అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగం రోజులు దాటితే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 వచ్చినా, దాటినా పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల డిప్రెషన్ పత్రం నింపాలి. అందులో మొత్తం 27. పది వచ్చినా, దాటినా డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిందే, 20 నుంచి పైన తీవ్రం. ఆందోళనకి ఇలాంటిదే ఏడు ప్రశ్నల జీఏడీ-7 ఉంది, మొత్తం 21, అక్కడా గీత పదే.

దీర్ఘకాల జబ్బులున్నవాళ్ల విషయంలో ఇక్కడో తిరకాసు ఉంది. ఆ తొమ్మిదిలో నీరసం, నిద్ర, ఆకలి గురించిన ప్రశ్నలకి జవాబు జబ్బు వల్ల కూడా అవునే అవుతుంది. కాబట్టి అంకె ఒక్కటే పట్టుకోకూడదు. ఆసక్తి చచ్చిపోయిందా అన్నదే నాకు ముఖ్యం. మనవరాలు ఫోన్ చేస్తే మొహం విప్పారుతోందా, ఎత్తబుద్ధే కావట్లేదా? మొదటిదైతే అలసట, రెండోదైతే దిగులు అనుకుంటాను. పీహెచ్‌క్యూ-9లో ఆఖరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 0 కాకుండా ఏ అంకె వేసినా మొత్తం ఎంతైనా సరే, అది దాటవేయకుండా మాట్లాడాలి. అడిగితే ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇంట్లోవాళ్లు భయపడతారు. అలా కాదు. అడిగితే చాలామందికి బరువు దిగినట్టుంటుంది.

మందు రాయకముందు కొన్ని రక్తపరీక్షలు చూడాలి: థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, కిడ్నీ పనితీరు, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12. థైరాయిడ్ తగ్గినా ఒళ్లునొప్పులు, నీరసం, దిగులు మూడూ కలిసే వస్తాయి. బీ12 తగ్గితే పాదాల తిమ్మిరి షుగరు ఖాతాలో పడిపోతుంది.

ఇంకో సంగతి. దిగులు వేరు, జబ్బుతో విసిగిపోవడం వేరు. వేలు పొడుచుకుని పొడుచుకుని, లెక్కలు రాసి రాసి, "ఇంత చేసినా షుగరు దిగట్లేదు, ఇంకెందుకు" అనిపించడం విసుగు. దానికి డిప్రెషన్ బిళ్ల మందు కాదు. పని తగ్గించాలి: అక్కర్లేని పరీక్షలు కొట్టేయడం, మూడు పూటల బిళ్లలని ఒక పూటకి మార్చగలమా చూడడం, ఈ నెల ఒక్క లక్ష్యం చాలనుకోవడం.

అయిదో మెట్టు: మందుల సంచి బల్ల మీద కుమ్మరించడం

అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. చీటీలు కాదు, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకెళ్లండి. పక్కింటివాళ్లిచ్చిన బిళ్ల, పూసుకునే మందు, చుక్కలు, పొడులు, అన్నీ.

ముందుగా నొప్పి బిళ్లలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ అన్నీ ఒకే కుటుంబం. రెండు వేర్వేరు పేర్లతో ఒకటే జాతి మందు రెండుసార్లు మింగేవాళ్లని వారానికొకరిని చూస్తాను. ఇవి బీపీని పెంచుతాయి, ఒంట్లో నీరు నిలిపి గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి కాళ్లవాపు, ఆయాసం తెస్తాయి, కడుపులో పుండు చేస్తాయి. ఇదే కుటుంబంలోని రోఫెకాక్సిబ్‌ని గుండెపోట్ల భయంతో 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు.

కిడ్నీ సంగతి కొంచెం విడమరిచి చెబుతాను. కిడ్నీ జల్లెడలోకి రక్తం ఒక గొట్టంలోంచి వచ్చి ఇంకో గొట్టంలోంచి పోతుంది. లోపలి ఒత్తిడి సరిపోతేనే జల్లెడ పడుతుంది. నొప్పి బిళ్ల వచ్చే గొట్టాన్ని సన్నం చేస్తుంది. రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటి బీపీ బిళ్లలు పోయే గొట్టాన్ని వెడల్పు చేస్తాయి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీటి బిళ్ల మొత్తం రక్తంలో నీటినే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే జల్లెడలో ఒత్తిడి పడిపోతుంది, దానికి తోడు వాంతులో విరేచనాలో అయితే కిడ్నీ రెండు మూడు రోజుల్లో దెబ్బతినగలదు. టెల్మిసార్టన్, నీటిమందు కలిపిన బీపీ బిళ్ల వేసుకునేవాళ్లు "ఇవాళ ఒక్కరోజే" అని నొప్పి బిళ్ల కొనుక్కునే ముందు ఇది గుర్తుచేసుకోవాలి.

గుండెకి చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడుతూ ఐబుప్రొఫెన్ మింగితే ఆస్పిరిన్ పని చెడుతుంది. తప్పనిసరైతే మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాతో, దానికి ఎనిమిది గంటల ముందో వేసుకోవాలి. అసలు అడగకుండా వేసుకోకపోవడమే మేలు. దిగులుకి సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి వాడుతుంటే నొప్పి బిళ్లతో కలిసి కడుపులో రక్తస్రావం అవకాశం పెరుగుతుంది, ఎందుకంటే రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకి కావలసిన సెరటోనిన్‌ని ఆ మందులు అందనివ్వవు. నల్లటి విరేచనం అయితే ఆ రోజే వెళ్లండి. అదే దిగులు మందులతో ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు కలిస్తే ఒణుకు, చెమటలు, గందరగోళం, ఫిట్స్ రావచ్చు. ఒక డాక్టరు దిగులుకి, ఇంకో డాక్టరు నడుముకి రాసినప్పుడు ఎవరి చీటీలోనూ తప్పుండదు, తప్పంతా రెండు చీటీలు ఒకరికొకరు కనపడకపోవడంలో ఉంటుంది. మనసు అతిగా ఊగిసలాడకుండా ఇచ్చే లిథియం వాడేవాళ్లకి నొప్పి బిళ్ల ఇంకా ప్రమాదం, రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది.

మరి ఏం వాడాలి? ఒకటి రెండు కీళ్లకే అయితే, మోకాలో చేతివేళ్లో అయితే, డైక్లోఫెనాక్ జెల్‌తో మొదలుపెడతాను. పూసినదాంట్లో రక్తంలోకి చేరేది బిళ్లతో పోలిస్తే చాలా స్వల్పం. మరీ చిటికెడు పూస్తే పనిచేయదు, చీటీలో రాసిన కొలత రోజూ వాడితేనే ఫలితం. పారాసెటమాల్ కిడ్నీకి నొప్పి బిళ్లల కంటే క్షేమం, కానీ అరుగుదల నొప్పికి దాని బలం తక్కువే. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు పైహద్దు, బరువు తక్కువున్నవాళ్లకి, కాలేయం బాగోలేనివాళ్లకి, మద్యం తాగేవాళ్లకి ఇంకా తక్కువ. జలుబు బిళ్లల్లోనూ అదే ఉంటుందని మర్చిపోవద్దు.

డులాక్సిటిన్ అన్న మందు దిగులుకీ, షుగరు నరాల మంటకీ, మోకాళ్ల, నడుం నొప్పికీ మూడింటికీ పనికొస్తుంది. మూడు సమస్యలూ ఉన్నవాళ్లకి ఒకే బిళ్ల దొరకడం చిన్న విషయం కాదు. సాధారణంగా 30 మి.గ్రా.తో మొదలై 60కి వెళ్తుంది. మొదటి వారం వికారం ఉండొచ్చు. కాలేయ జబ్బు, కిడ్నీ బాగా దెబ్బతినడం ఉంటే పనికిరాదు, బీపీ చూసుకుంటూ ఉండాలి, ఉన్నట్టుండి ఆపకూడదు. రాత్రి 10 మి.గ్రా. అమిట్రిప్టిలిన్ నిద్రకీ నరాల నొప్పికీ సాయం చేస్తుంది, కానీ పెద్దవయసులో తూలిపడటం, మలబద్ధకం, మూత్రం ఆగడం తెస్తుంది. రుమటాయిడ్‌కి మెథోట్రెక్సేట్ ఇస్తే అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. డబ్బా మీద వారం పేరు పెద్దక్షరాలతో రాయండి.

కీలులో స్టెరాయిడ్ సూది వేయించుకుంటే షుగరు కొన్ని రోజులు ఎగబాకుతుంది. ముందే తెలిస్తే గాభరా ఉండదు, ఆ వారం ఎక్కువసార్లు చూసుకోవాలి. పేరూ చీటీ లేని పొడులూ బిళ్లలతో "రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గింది" అంటే నాకు మొదట వచ్చే అనుమానం వాటిలో స్టెరాయిడ్ కలిపారనే. మొహం ఉబ్బడం, షుగరు ఆకాశాన్నంటడం తర్వాత కనిపిస్తాయి. నెలల తరబడి వాడి ఉంటే హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. సిగ్గుపడకుండా ఆ పొట్లం తెచ్చి చూపించండి.

ఆరో మెట్టు: నొప్పి ఉండగానే కదలడం

"నొప్పి తగ్గాక నడుస్తాను" అన్నవాళ్లు నడవగా నేను చూడలేదు. అలాగని పళ్లు బిగించి నాలుగు కిలోమీటర్లు నడవమనీ అనను. ఇందాకటి కాగితం తీయండి. బాగోలేని రోజున కూడా ఎన్ని నిమిషాలు నడవగలిగారు? ఆరు నిమిషాలా? అయితే అయిదుతో మొదలుపెట్టండి. బాగున్న రోజున కూడా అయిదే. కష్టం అక్కడే, ఒంట్లో హాయిగా ఉన్న రోజు ఆగడంలో. వారానికి ఒక నిమిషం పెంచండి.

ఎంత నొప్పి ఫరవాలేదు? చేస్తున్నప్పుడు కాస్త పెరగవచ్చు. రెండు గంటల్లో మామూలు స్థాయికి దిగితే సరిపోయినట్టే. మర్నాటి దాకా లాగితే మోతాదు తగ్గించాలి, మానేయకూడదు. నడకతో పాటు తొడ ముందు కండకి బలం రావాలి. కుర్చీ అంచున కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, మెల్లగా లేచి మెల్లగా కూర్చోవడం, అయిదు సార్లు, రోజుకి రెండు పూటలు. లేవలేకపోతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి. వారాలు గడిచేకొద్దీ దిండు తీసేయొచ్చు.

చేతికర్ర విషయంలో దాదాపు అందరూ పొరపాటే చేస్తారు. కుడి మోకాలు నొప్పి అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చెయ్యి వదులుగా వేలాడేసినప్పుడు మణికట్టు మడత ఎక్కడుందో కర్ర పిడి అక్కడికి రావాలి. బరువు గురించి తిట్లు నేను తిట్టను, ఒక లెక్క మాత్రం చెబుతాను: ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం దిగుతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు నడకకి ముందు షుగరు చూసుకోవాలి. స్పర్శ లేని పాదాలతో చెప్పుల్లేకుండా నడవకూడదు.

నిద్రకి పెద్దగా చెప్పేదేం లేదు. లేచే వేళ రోజూ ఒకటే ఉండాలి, పడుకున్న వేళ ఏదైనా సరే. పగటి కునుకు అరగంట దాటకూడదు. నిద్ర పట్టక మంచం మీద దొర్లుతుంటే లేచి పక్క గదిలో కూర్చుని, కళ్లు మూతలు పడ్డాకే తిరిగి రావాలి. గట్టిగా గురక, పగలు కూర్చున్నచోటే నిద్ర ఉంటే శ్వాస ఆగే జబ్బుకి పరీక్ష చేయించాలి. దిగులూ, లొంగని బీపీ, ఒంటినొప్పులూ ఒక్కోసారి అక్కడినుంచే మొదలవుతాయి. నిద్రమాత్ర ఆఖరి మాట.

ఏడో మెట్టు: దిగులుకి వైద్యం

ఒక మోస్తరు దిగులుకి మాటల వైద్యం మందుతో సమానంగా పనిచేస్తుంది. మొదటి పని ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. నొప్పి వచ్చాక మానేసిన పనుల జాబితా రాయండి. వాటిలో అతి చిన్నది ఎంచుకోండి. దానికి రోజూ ఒకే వేళ పెట్టుకోండి. బుద్ధి పుడితే చేస్తాననుకోవద్దు, ఈ జబ్బులో బుద్ధి ముందు పుట్టదు, పని చేశాక పుడుతుంది. సాయంత్రం అయిదింటికి అరుగు మీద పది నిమిషాలు కూర్చుని ఒక పాత స్నేహితుడితో ఫోన్లో మాట్లాడడంతో తేరుకోవడం మొదలైనవాళ్లున్నారు.

మందు అవసరమైతే కొన్ని సంగతులు ముందే తెలుసుకోండి. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కడుపులో వికారం మాత్రం మొదటిరోజే వస్తుంది, వారంలో పోతుంది. ఈ మధ్యలోనే చాలామంది మానేస్తారు. గతంలో ఎప్పుడైనా నిద్ర అక్కర్లేనంత హుషారు, విపరీతంగా ఖర్చుపెట్టడం, ఆగని మాటలు ఉన్న రోజులుంటే తప్పక చెప్పండి, అది హుషారూ దిగులూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు, వైద్యమే మారిపోతుంది. పెద్దవయసులో నీటిబిళ్ల వాడుతూ ఈ మందు మొదలుపెడితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. కొత్తగా తూలడం, మతిమరుపు కనిపిస్తే పరీక్ష చేయించాలి. తేరుకున్నాక కనీసం ఆరు నెలలు కొనసాగించి, తర్వాత డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇంట్లోవాళ్లకి ఒక్కటే విన్నపం. "లేచి తిరుగు, అదే పోతుంది" అనొద్దు, "నువ్వు కూర్చో, అన్నీ నేనే చేస్తా" అనీ అనొద్దు. రెండో మాట ప్రేమతోనే అంటారు, కానీ మనిషిని మంచానికి కట్టేస్తుంది. "అయిదు నిమిషాలు నడుద్దాం, నేనూ వస్తా" అనండి.

ఎనిమిదో మెట్టు: పది నిమిషాల్లో డాక్టరుతో మాట్లాడడం

ప్రాథమిక వైద్యంలో సమయం తక్కువ, దాచిపెట్టి లాభం లేదు. అసలు మాట వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి చెప్పేవాళ్లే ఎక్కువ. ఆ మాటని ముందుకు తెండి. కూర్చోగానే ఇలా మొదలుపెట్టండి: "షుగరు రిపోర్టు తెచ్చాను. కానీ మోకాళ్లతో నిద్ర ఉండట్లేదు, మూడు నెలలుగా దేనిమీదా మనసు పోవట్లేదు. రెండు వారాల లెక్క ఇదిగో." తర్వాత కాగితం బల్ల మీద పెట్టండి. అన్నీ ఒకే రోజు తెమలవు. ఇవాళ ఏది, తర్వాత ఏది అని అడిగి తేదీ రాయించుకోండి.

మార్చిన మందు ఏదైనా సరే రెండు వారాలకి ఒకసారి ఫోన్లోనైనా మాట్లాడాలి, ఆరు వారాలకి మళ్లీ అవే ప్రశ్నపత్రాలు నింపాలి. పీహెచ్‌క్యూ-9 సగానికి దిగితే మందు పట్టినట్టు, 5 లోపుకి వస్తే తేరుకున్నట్టు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి కదలిక లేకపోతే అదే బిళ్లని నెలల తరబడి మింగుతూ కూర్చోవద్దు, మోతాదో మందో మారాలి. రెండు రకాలు మార్చినా లాభం లేకపోతే, లేనివి వినిపించడం కనిపించడం ఉంటే, బైపోలార్ అనుమానం ఉంటే మనోవైద్యుడి దగ్గరకి పంపమనండి.

మోకాలి మార్పిడి ఆపరేషన్ మాట వస్తే తొందరపడకుండా ఈ లెక్కలే మళ్లీ తీయండి. మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ 8 దాటి ఉంటే కీలులో ఇన్ఫెక్షన్ భయం ఎక్కువని చాలామంది సర్జన్లు ముందు దాన్ని దించమంటారు. దిగులు వైద్యం లేకుండా మిగిలిపోతే ఆపరేషన్ బాగా జరిగినా నొప్పి పోలేదనేవాళ్లు ఎక్కువ. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు కొత్త ఎక్స్‌రేతో పాటు ఆ నాలుగు గడుల కాగితాన్ని కూడా సర్జన్ ముందు పెట్టండి. వాడుతున్న మందుల్లో ఏవి ఎప్పుడు ఆపాలో, ఏవి ఆపకూడదో దానిమీదే రాయించుకోండి.